ఆ పది అడుగుల కోసమే లెన్స్!

వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ అనగానే మన కళ్ల ముందు కనిపించేది జీపులో కూర్చుని, మూరెడు పొడుగు లెన్స్ పట్టుకున్న మనిషే. అలాంటి 600 ఎంఎం ఎఫ్/4 లెన్సుల రేటు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. కొత్తది కొనాలంటే పది లక్షలు దాటాల్సిందే. మరి నెల జీతం మీద బతుకుతూ, బస్సుల్లో తిరిగే మనలాంటోళ్లకి పిట్టల ఫొటోలు తీసే యోగం లేదా? బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే ‘ఏ లెన్స్ మంచిది?’ అనే ప్రశ్నతో మొదలుపెడితే మాత్రం ఎప్పటికీ తేలదు. నేను ‘నా పిట్ట నాకు ఎంత దూరంలో ఉంటుంది?’ అని మొదలుపెట్టా. సగం గందరగోళం అక్కడే పోయింది.

నా దగ్గరున్నది నికాన్ డీ5600. దాంతోపాటు 70-300 ఎంఎం లెన్స్. బరువు 415 గ్రాములే, మెడలో ఉన్నట్టే తెలీదు. మాది గుంటూరు. పక్కనే ఉప్పలపాడు. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టుకుని కాపురాలు చేస్తుంటాయి. పెద్ద పిట్టలు, దగ్గరి చెట్లు. అక్కడ 300 ఎంఎం హాయిగా సరిపోతుంది. కొన్నిసార్లు రెక్కలు చాపితే ఫ్రేమ్ దాటిపోతాయి కూడా. మీరు ఎక్కువగా వెళ్లేది ఇలాంటి చోటికే అయితే కొత్త లెన్స్ ఆలోచనే మానేయండి. కెనాన్ వాడేవాళ్లకి 55-250 ఎస్‌టీఎం ఉంది. 375 గ్రాముల ఈ బుడ్డ లెన్స్ ఇలాంటి చోట్ల పని చక్కగా చేసిపెడుతుంది.

అదే లెన్స్‌తో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడండి. రెండు వైపులా పులికాట్ సరస్సు. నీళ్ల మధ్యలో, ఎక్కడో దూరంగా ఒక గులాబీ గీత. అవే రాజహంసలు. అక్కడ 300 కాదు, 600 పట్టుకెళ్లినా చాలక నిట్టూర్చే రోజులుంటాయి. పైగా ఎండెక్కాక నీటి మీద గాలి వేడెక్కి ఆవిరిలా ఊగుతుంది. ఆ ఊగుడుని పది లక్షల లెన్స్ కూడా ఆపలేదు. దానికి మందు ఒక్కటే, తెల్లవారుజామునే అక్కడ ఉండటం.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆదివారం వస్తే అమీన్‌పూర్ చెరువు దగ్గరికి పోతా. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారే, అదే చెరువు. అక్కడ నాక్కావాల్సినవి లకుముకి పిట్టలు, పాలపిట్టలు, తీతువులు. అన్నీ చిన్నవే, అన్నీ భయస్తులే. ఏడాది పాటు నెలకి 4 వేలు పక్కన పెడితే 48 వేలయ్యాయి. సంగతి చెప్తే నాన్న ఫోన్లో ఒకటే మాటన్నారు: “ఏరా, పిట్టలు ఊరికే కనబడుతుంటే చూడ్డానికి 48 వేలా?”

నవ్వొచ్చింది గానీ ప్రశ్న న్యాయమైందే. జవాబు చెప్పాలంటే లెక్క తేలాలి. అందుకని ముందు నా పాత ఫొటోలన్నీ తెరిచి, ఏది ఎన్ని ఎంఎంలో తీశానో చూశా. ఫొటో వివరాల్లోకి వెళ్తే ఫోన్లో కూడా కనిపిస్తుంది. అమీన్‌పూర్‌లో తీసిన ప్రతి పదింటిలో తొమ్మిది 300 దగ్గరే ఉన్నాయి. అంటే లెన్స్ చివరిదాకా తిప్పి, ఇంకా తిరిగితే బాగుండునని ఆగిపోయినవన్నమాట. మీ ఫొటోలు 180, 220 దగ్గర ఆగుతుంటే మీకు పెద్ద లెన్స్ అక్కర్లేదు. డబ్బులు దాచుకోండి.

తర్వాత చిన్న లెక్క. నా కెమెరా సెన్సార్ వెడల్పు 23.5 మి.మీ. దాన్ని పిట్ట దూరంతో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగిస్తే ఫ్రేమ్‌లో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో వస్తుంది. పాలపిట్ట పొడవు సుమారు 26 సెం.మీ. అది 20 మీటర్ల దూరంలో ఉంటే, 300తో ఫ్రేమ్‌లో దాదాపు 1.57 మీటర్లు పడుతుంది. పిట్ట అందులో ఆరో వంతు. 400తో ఐదో వంతు దాటుతుంది. 600తో మూడో వంతు. ఫోన్లో క్రాప్ చేస్తే సరిపోదా అంటారేమో. కొంతవరకు సరిపోతుంది. కానీ ఆరో వంతు పిట్టని కత్తిరించి పెద్దది చేస్తే ఈకలన్నీ కలిసిపోయి రంగు మరకలా మిగులుతుంది.

లెక్క ప్రకారం 600కే ఓటెయ్యాలి. అందుకే సిగ్మా 150-600 కాంటెంపరరీని ఒక శని, ఆదివారాలకి అద్దెకి తెచ్చుకున్నా. ఫొటోలు అదిరిపోయాయి, అందులో అనుమానం లేదు. కానీ లెన్స్ ఒక్కటే 1.9 కిలోల పైన. గంటయ్యేసరికి భుజం నాది కాదనిపించింది. గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడే నలుపు తెలుపు లకుముకి పిట్టని 600 దగ్గర ఫ్రేమ్‌లో వెతుక్కునేలోపే అది నీళ్లలోకి దూకేసింది. కారు కిటికీ మీద బియ్యం సంచి పెట్టి తీసేవాళ్లకి, ట్రైపాడ్ మోసేవాళ్లకి ఆ లెన్స్ బంగారం. టామ్రాన్ 150-600 జీ2 కూడా దాదాపు అంతే బరువు. నికాన్ 200-500 అయితే ఇంకా ఎక్కువ, 2.3 కిలోలు. నేనేమో బస్సు దిగి నడిచేవాణ్ని. బరువని ఇంట్లో వదిలేసే లెన్స్ ఎంత గొప్పదైతే ఏం లాభం? కొనేముందు అద్దెకి తెచ్చుకోమని అందుకే చెప్తున్నా. స్పెసిఫికేషన్లలో భుజం నొప్పి రాయరు.

చివరికి నా చూపు సిగ్మా 100-400 కాంటెంపరరీ మీద ఆగింది. బరువు 1.16 కిలోలు. 400 దగ్గర ఎఫ్/6.3. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువొస్తుంది, పెద్దదైతే తక్కువ. ఎఫ్/5.6 కంటే ఎఫ్/8లో వచ్చే వెలుతురు సరిగ్గా సగం. కెనాన్ మిర్రర్‌లెస్ వాళ్లకి ఆర్‌ఎఫ్ 100-400 అని 635 గ్రాముల ముద్దులొలికే లెన్స్ ఉంది గానీ, 400 దగ్గర అది ఎఫ్/8. ఎండలో ఓకే, మబ్బు పట్టిన సాయంత్రం ఐఎస్ఓ పెంచుకోక తప్పదు.

ఇక చవగ్గా వస్తోందని కళ్లు మూసుకుని కొనకూడనివి కొన్ని ఉన్నాయి. పేర్లు ఒకేలా ఉండే 70-300 లెన్సుల్లో చేతి వణుకుని సర్దే ఏర్పాటు లేనివీ దొరుకుతాయి. నికాన్‌లో వీఆర్, కెనాన్‌లో ఐఎస్, సిగ్మాలో ఓఎస్, టామ్రాన్‌లో వీసీ అనే అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. అయితే ఈ అక్షరాలు మీ చెయ్యి వణుకునే ఆపుతాయి, పిట్ట కదలికని కాదు. ఎగిరే పిట్ట స్పష్టంగా రావాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతో, అంతకంటే వేగంగానో ఉండాలి. ఇంకోటి: డీ3000, డీ5000 వరస నికాన్ కెమెరాల్లో ఫోకస్ మోటార్ ఉండదు. మోటార్ లేని పాత లెన్స్ తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

48 వేలకి కొత్తది రాదు కాబట్టి సెకండ్ హ్యాండే దిక్కు. మొదట చూసినాయన ‘కొత్తదానిలా ఉంది’ అన్నాడు. పైకి నిజంగానే తళతళలాడింది. ఫోన్ టార్చ్ వేసి వెనక నుంచి లోపలికి చూస్తే సాలెగూడులాంటి సన్నటి పోగులు. ఫంగస్! థ్యాంక్స్ చెప్పి వచ్చేశా. కోస్తాలో తేమకి ఇది మామూలే. కాబట్టి టార్చ్ లేకుండా లెన్స్ కొనకండి. 100 దగ్గరా, 400 దగ్గరా ఫోకస్ పడుతోందో లేదో మీ సొంత కెమెరాకి తగిలించి చూడండి. స్క్రూల మీద గీతలుంటే ఎవరో విప్పారని అర్థం. రెండో లెన్స్ అన్ని పరీక్షలూ పాసైంది. 41 వేలు. మిగిలిన డబ్బుల్లో గాలి దూరని డబ్బా, సిలికా జెల్ కొన్నా.

ఇంతకీ నాన్న ప్రశ్నకి జవాబు? మే నెలలో దొరికింది. చెరువు గట్టు అవతల నేల మీద, గులకరాళ్ల మధ్య ఒక తీతువు గుడ్లు పెట్టింది. తీతువు అరిస్తే అపశకునం అంటారు మనవాళ్లు. నిజానికి అది చెప్పేది ‘నా గుడ్ల దగ్గరికి రాకు’ అని. ఎండల్లో అది పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ గుడ్లని చల్లబరుస్తుంది. మనం దగ్గరికెళ్లి దాన్ని లేపామంటే, లేచినంతసేపూ ఆ గుడ్లు ఎండకి మాడతాయి. గూళ్లనీ గుడ్లనీ చెదరగొట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ కిందే లెక్కేసింది. అంటే కెమెరా పట్టుకుని కూడా వేటగాళ్లం కావచ్చు.

300తో 20 మీటర్ల నుంచి తీసే ఫొటో 400తో దాదాపు 27 మీటర్ల నుంచి వస్తుంది. తేడా ఏడు మీటర్లు. నడిస్తే పది అడుగులు. ఆ రోజు నేను నేల మీద బోర్లా పడుకుని, ఆ పది అడుగులు వెయ్యకుండా ఫొటో తీశా. తీతువు ఒక్కసారి నావైపు చూసి, మళ్లీ గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. అరవలేదు.

ఆ ఫొటో నాన్నకి పంపి, “41 వేలు చూడ్డానికి కాదు నాన్నా, దగ్గరికి వెళ్లకుండా ఉండటానికి” అని రాశా. “గుడ్లు నాలుగా, మూడా?” అని తిరిగి అడిగారు. పొట్ట కింద ఉన్నాయి, లెక్కపెట్టలేదని చెప్పా.

మీరూ లెన్స్ కొనాలనుకుంటే షాపు సంగతి తర్వాత. ఈ ఆదివారం ఫోన్ జేబులో పెట్టుకుని మీ ఊరి చెరువు దాకా వెళ్లండి. మీకు నచ్చిన పిట్ట మిమ్మల్ని ఎంత దూరం వరకు రానిస్తుందో ఓపిగ్గా చూడండి. ఎన్ని ఎంఎం కావాలో అదే చెప్తుంది.