బుట్ట చేతుల జాకెట్టు

పాత నలుపు తెలుపు సినిమాల్లో నా చూపు కథ కంటే జాకెట్ల మీదికే పోతుంది. 1950ల నాటి బుట్ట చేతులంటే నాకంత మోజు. కుట్టమంటే టైలరు, “ఇప్పుడెవరు వేసుకుంటారమ్మా?” అంటాడు. నేను వేసుకుంటాను! అందుకే మిషను ముందు నేనే కూర్చుంటాను.

చెయ్యి ముక్కను చంక చుట్టుకొలతకు సరిగ్గా కత్తిరిస్తే బుట్ట రాదు. కాగితం మీద గీసిన చేతిని నిలువునా చీల్చి, మధ్యలో ఎడం పెంచి, పైవంపును కాస్త ఎత్తు చెయ్యాలి. ఆ మిగులు బట్టంతా కుచ్చుల్లోకి పోతుంది. పొడుగు కుట్టు రెండు వరసలు వదులుగా వేసి, అడుగు దారం మెల్లగా లాగితే కుచ్చులు సమంగా కూడతాయి. ఆర్గండీ అయితే బుట్ట నిలబడుతుంది, షిఫాన్ అయితే నీరుగారిపోతుంది. హుక్కులూ కాజాలూ చేత్తోనే. కాజాలు మాత్రం మహా విసుగు. రేడియో పెట్టుకుని కానిస్తాను.