కొమ్ముల దీపము

మా మామగారు గత యాశ్వయుజమున పరమపదించిరి. కర్మలు ముగిసి, ఖమ్మములోని యింటి సామాను పంచుకొనునప్పుడు బిందెలకు గాని, పీటలకు గాని, ఇత్తడి గంగాళమునకు గాని మాటపట్టింపు రాలేదు. వచ్చినదెల్ల వసారాగోడకు బిగించియున్న కడితి కొమ్ములకే.

కడితిని చూడని సోదరీమణులుందురేమో. అది దుప్పికంటె పెద్దది, ముదురు గోధుమవన్నెది. మగదానికే కొమ్ములుండును, అవి రాలి మరల మొలచుచుండును. మావారి ఉద్యోగరీత్యా మేము కాపురముండునది పాల్వంచ కావల అడవియంచు పల్లె. 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కిన్నెరసాని యడవి అక్కడికి దగ్గరే. మా గోడమీదివి రాలిన కొమ్ములు గావు. కపాలపుటెముకతో గూడ కోసి చెక్కపలకకు బిగించినవి. వేటప్రీతిగల మిత్రుడొకడు మామగారి తండ్రికి ఏనాడో కానుకగా నిచ్చెనట. మామగారు ఒక కొమ్మునకు లాంతరు వ్రేలగట్టి, దానిక్రింద నెందరు పిల్లలకో అక్షరాభ్యాసము చేయించిరి. విద్యుత్తు వచ్చిన పిదప ఆ కొమ్ముకొననే బల్బు వ్రేలాడినది. వీధివారందరికి అది పంతులుగారి కొమ్ముల దీపము.

ఆ దీపము తనకు గావలెనని హైదరాబాదునుండి వచ్చిన మా తోడికోడలు కోరినది.

"అక్కా, జింకతలల దీపాలని ఇప్పుడు దుకాణాల్లో వేలకు వేలు పోసి కొంటున్నారు. అవన్నీ ప్లాస్టిక్కువి. మనింట్లో నిజమైనదుంటే గోడకు వదిలేస్తామా?" అనెను.

మాకా కొమ్ములు మొదటినుండియు గిట్టవు. తల నరికి గోడకు గొట్టి దానిచేత దీపము మోయించుట యేమి యలంకారమని మా వాదము. మావారు "నాన్నగారి గుర్తు" అని యూరకుండిరి. ఇరుగమ్మ కొమ్ములున్న యింటికి దృష్టి తగలదనెను. పొరుగమ్మ చచ్చిన జంతువు ఎముక లున్నయింట లక్ష్మి నిలువదనెను. ఇద్దరును వాస్తుశాస్త్రమునే సాక్ష్యముగా బిలిచిరి.

మాటలతో బోవునది గాదు గనుక మావారు చట్టము చదివిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్టివస్తువు నుంచుకొనువారికి యాజమాన్యపు ధ్రువపత్రముండవలెను. మామగారు కాగితము విషయమున శ్రద్ధగలవారు. 2003లో ప్రభుత్వము ప్రకటించుకొనుటకు 180 దినముల గడువిచ్చినప్పుడు వ్రాసియిచ్చి పత్రము తెచ్చుకొనిరి. పత్రమున్నను అమ్మరాదు. వారసునకు వచ్చినచో 90 దినములలో అతడు మరల ప్రకటించుకొనవలెను. కాబట్టి ఎవరిదో ఒకరి పేర నది వ్రాయింపక తప్పదు, దినములా గడచుచున్నవి. "ఎవరు చూడవచ్చిరి?" అని బంధువొకరు సలహా యిచ్చిరి. బడిపంతులింట ఆ సలహా పనికిరాదు.

ఈ నడుమ మా పల్లెకు మరలివచ్చి, ఒకనాడు పర్ణశాలకు బోతిమి. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెము మండలములోనిది. మాయలేడి వచ్చినది అచ్చటికే యని యీ ప్రాంతమువారి నమ్మిక. (నాసికవారు పంచవటి తమదందురు, ఆ తగవు మాకేల?) అచ్చటి సీతమ్మ బొమ్మను, లేడిబొమ్మను జూచుచుండగా మా నాయనగారు చిన్ననాట మాచేత చదివించిన వాల్మీకము మనసున మెదలినది. సీతమ్మ ఆ లేడి నెందులకు గోరినది? ప్రాణములతో దొరకినచో వనవాసము ముగిసినపిదప అంతఃపురమునకు అలంకారమగునని, భరతుడును అత్తలును జూచి యబ్బురపడుదురని. ప్రాణముతో దొరకనిచో దాని బంగారు చర్మముపై గూర్చుండవలెనని. ఇట్టి కోరిక ఆడువారికి దగనిదని తానే యనుచు గోరినది. లక్ష్మణుడు అది మారీచుని మాయ యని చెప్పిచూచెను. ఇంటి యలంకారమును గూర్చిన భేదాభిప్రాయము మాతో మొదలుగాలేదని యప్పుడు తోచి, తోడికోడలిపై కోపము కొంత చల్లారినది. అంతటి తల్లికే కన్ను చెదరినది గదా.

మరియొకటి గూడ ఒప్పుకొనవలెను. మా వాదమునకు మేమే యడ్డుపడితిమి. మా పూజగదిలో శంఖమున్నది. అది యొక సముద్రజీవి యిల్లు. మరిది యుపనయనమున కృష్ణాజినపు ముక్క కట్టిరి. మేము మడికి గట్టు పట్టుచీర యెన్ని పురుగులను ఉడికించిన నేతయో తలపోసినచో కట్టబుద్ధిగాదు, కట్టుచునేయున్నాము. ఇక కడితి కొమ్ములను మాత్రము నిందించుటకు మాకు నోరెక్కడిది?

అయినను మనసొప్పలేదు. మన పాత యిత్తడి దీపములపై హంస యున్నది, నెమలి యున్నది, ఏనుగున్నది. ఆదిలాబాదు దిక్కున డోక్రా పనివారు మట్టిముద్దపై మైనపుతీగలు చుట్టి జంతువు నల్లి, పైన మరల మట్టి మెత్తి, కాల్చి, మైనము కరగిపోయిన చోట కరగిన లోహము పోయుదురు. ఆ నెమలి దీపముమీద వ్రాలినట్లుండును. మా గోడమీది కడితి యెచ్చటను వ్రాలలేదు.

కోయవారి కొమ్ముల సంగతి వేరు. పండుగలకు వారు అడవిదున్న కొమ్ములు, నెమలి యీకలుగల తలపాగలు ధరించి, డోళ్లు వాయించుచు నాడుదురు. ఆ కొమ్ములు తాతలనాటివి. ఆట ముగిసినంతనే మూటగట్టి దాచుచున్న ముసలమ్మను "గోడకు పెట్టుకుంటే అందంగా ఉంటుంది గదా, అవ్వా?" అని మే మొకప్పు డడిగితిమి. "చూసేటందుకు కాదు తల్లీ, ఆడేటందుకు" అని యామె తన పనిలో దానుండెను.

అత్తగారిని మాత్రము మేమెవ్వరము నడుగలేదు. భర్త గుర్తును కదల్చిన ఆమె గుండె కదలునని భయము. గడువునకు పదునెనిమిది దినములు మిగిలియుండగా, ఖమ్మములో ఒకరాత్రి కాళ్లకు నూనె రాయుచుండగా తానే యనెను.

"ఆ కొమ్ములు తీసేయండమ్మా."

మేము చేయి నిలిపితిమి.

"కాపురానికొచ్చిన కొత్తలో లాంతరు వెలిగిస్తే ఆ నీడ కప్పుదాకా పాకేది. గాలికి ఊగేది. నిద్రపడితే ఎవరో వంగి చూస్తున్నట్టుండేది. మీ మామగారికి చెప్పలేకపోయాను. ఆయనకది వాళ్ల నాన్నగారిచ్చింది. తర్వాత అలవాటైపోయింది." కొంతసేపూరకుండి, "లాంతరు మాత్రం నాకుంచండి" అనెను.

యాబదియేండ్లు ఆమె యా వసారాలో దీపము వెలిగించినది. మేము పదునైదేండ్లుగా ఆమె ప్రక్కనే యుండియు నెరుగము.

ఉంచుకొన నిచ్చగింపనివారు ఇట్టివస్తువును ప్రభుత్వమున కప్పగించుటకు 2022 నాటి సవరణ దారిచూపినది. పరిహారమేమియు రాదు. మావారు అట్లే వ్రాసి అప్పగించిరి. గోడమీద పలక యున్నంతమేర సున్నము తెల్లగా మిగిలినది. తోడికోడలికి మనసు నొచ్చి రెండునెలలు ఫోనైన చేయలేదు. మేమును చేయలేదు, అది మా తప్పే.

ఉగాదికి వచ్చి యామె యొక పొట్లము విప్పినది. నిమ్మలకుంట తోలుబొమ్మలవారు చేసిన దీపపుగుడ్డి! మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, సన్నని రంధ్రములు పొడిచినది. చుట్టును లేళ్లు పరుగెత్తుచున్నవి. బొమ్మలాట చూచువారు తగ్గినపిదప ఆ కుటుంబములు ఇట్టి దీపములు చేసి బ్రదుకుచున్నవి. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. లోపల బల్బు వెలిగింపగా లేళ్లన్నియు ప్రాణము వచ్చినట్లు మెరసినవి. మాకు మాట రాలేదు.

"ఇదేం తోలు?" అని యత్తగారడిగిరి.

"మేకతోలు, అత్తయ్యా."

"దేవుడి గదివైపు దాని వెలుగు పడగూడదు" అని తీర్పు చెప్పి లోపలికి బోయిరి.

ఆ దీపమిప్పుడు వసారాలో, తెల్లని సున్నపుమచ్చ యెదుట వ్రేలాడుచున్నది. వేసవి సెలవులకు మే మక్కడనే యున్నాము. ప్రతిరాత్రియు తోడికోడలు ఫోను చేసి, "అక్కా, వెలిగించారా?" యని యడుగును. అత్తగారు పండుకొన్న తరువాత వెలిగించుచున్నాము.