సంక్రాంతికి నేను పెట్టిన ఆ 312 తప్పు

సంక్రాంతి సెలవుల్లో ఈ గ్రూపులోనే నేనొక స్క్రీన్‌షాట్ పెట్టాను, కొంతమందికి గుర్తుండే ఉంటుంది. "మా ఊరి గాలి, పొద్దున్న 6 గంటలు, పీఎం 2.5 = 312. వైజాగ్ కన్నా మన మన్యమే ఘోరం" అని రాశాను. చాలామంది షేర్ చేశారు. ఆ నంబరు తప్పు. ఎలా తప్పయిందో మొత్తం చెప్పాలి, అందుకే పోస్టు కొంచెం పెద్దదయ్యింది. ఓపిగ్గా చదవండి.

మాది లంబసింగి దగ్గర కొండ మీద ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. వైజాగ్‌లో హాస్టల్లో ఉండి ఎలక్ట్రానిక్స్ చదువుతున్నా. గాలి కొలిచే పని ఎందుకు పట్టుకున్నానంటే అమ్మ దగ్గు వల్ల. చలికాలం వస్తే రాత్రంతా దగ్గుతుంది. డాక్టరుకి చూపిస్తే "పొగ దగ్గర కూర్చోకమ్మా" అన్నారు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చోకపోతే చోడి అంబలి ఎవరు కాస్తారు?

సెలవుల్లో కాఫీ పళ్ళు కోసిన కూలి డబ్బులు దాచుకుని ప్లాంటవర్ పీఎంఎస్5003 అనే సెన్సరు, నోడ్‌ఎంసీయూ అనే చిన్న బోర్డు కొన్నాను. సెన్సరు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. లోపల చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది. ఆ గాలి మీద లేజర్ వెలుగు పడుతుంది. రేణువులకు తగిలి వెలుగు ఎంత చెదిరిందో చూసి, గాలిలో దుమ్ము ఎంత ఉందో లెక్క కడుతుంది. అంటే అది రేణువుని చూడదు, చెదిరిన వెలుగునే చూస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

బోర్డులో టాస్మోటా అనే ఫర్మ్‌వేర్ వేశాను. ఉచితం, కోడ్ రాయక్కర్లేదు, మన ఫోన్ బ్రౌజర్‌లోనే అన్నీ సెట్ చేసుకోవచ్చు. చెప్పడానికి తేలికే గానీ నాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు లాప్‌టాప్ బోర్డుని గుర్తించనే లేదు. చూస్తే నేను వాడింది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్, అందులో డేటా వైర్లు లేవు. తర్వాత మామూలు టాస్మోటా ఫైలు వేశాను, పిన్నుల జాబితాలో నా సెన్సరు పేరే లేదు. సెన్సర్స్ అని ఇంకో ఫైలు ఉంటుంది, అది వేయాలట. ఫ్యాన్‌కి 5 వోల్టులు కావాలి, నేను 3.3కి పెట్టాను. అది కూడా సరిచేశాను. అయినా సున్నా.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. బోర్డు మీద డి5 అని ఉన్న పిన్నులో వైరు పెట్టి, ఫర్మ్‌వేర్‌లో జీపీఐఓ5 ఎంచుకున్నాను. ఐదుకి ఐదు, సరిపోయింది కదా అనుకున్నా. కాదు. బోర్డు మీద డి5 అంటే ఫర్మ్‌వేర్‌కి జీపీఐఓ14. జీపీఐఓ5 అంటే డి1. ఈ ఒక్క తేడాకి నాలుగు రాత్రులు పోయాయి. క్లాసులో అడగొచ్చు, కానీ నా ఇంగ్లీషుకి నవ్వుతారని అడగలేదు. చివరికి పక్క రూము అన్న ఒక పట్టిక చూపించాడు, రెండు నిమిషాల్లో అయిపోయింది. సెన్సరు టీఎక్స్ వైరు బోర్డులో ఆర్ఎక్స్‌గా పెట్టిన పిన్నుకి వెళ్ళాలి, అది కూడా ఆయనే చెప్పాడు. స్క్రీన్ మీద 41 అని వచ్చేసరికి రూములో అందరినీ లేపాను. తిట్టారు.

సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్ళాను. మా ఊళ్ళో నెట్ సరిగా రాదు, కానీ దీనికి నెట్ అక్కర్లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి బోర్డు కనెక్ట్ అయితే చాలు, పేజీ తెరుచుకుంటుంది (హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి). పవర్‌బ్యాంక్ పెట్టి పొద్దున్నే అరుగు మీద ఉంచాను. 312! ఆగలేక మీకు పంపేశాను.

తొమ్మిదయ్యేసరికి ఎండ వచ్చింది. మంచు విడిచింది. నంబరు 28. ఊళ్ళో పొయ్యిలు అప్పటికీ వెలుగుతూనే ఉన్నాయి, అయినా 28. అప్పుడు అనుమానం వచ్చింది. వైజాగ్ తిరిగొచ్చాక తేమ కొలిచే డీహెచ్‌టీ22 కొని దానికే కలిపాను (టాస్మోటాలో దాని పేరు ఏఎం2301 అని ఉంటుంది, వెతుక్కోకండి). ఫిబ్రవరిలో మళ్ళీ ఇంటికెళ్ళి చూస్తే మంచు పొద్దున తేమ 97 శాతం, పీఎం 260. మంచులో నీటి తుంపరలు కూడా లేజర్ వెలుగుని చెదరగొడతాయి. మనం పొగమంచు అంటాం కదా, మిషను కూడా అందులో పొగనే చూసింది.

నాకు సిగ్గేసింది మాత్రం వేరే విషయానికి. నా స్క్రీన్‌షాట్‌ని ఎవరో బయటి వాళ్ళు తీసుకెళ్ళి "కొండోళ్ళు పోడు కాల్చి గాలి పాడుచేస్తున్నారు, ఇదిగో రుజువు" అని పెట్టారు. పోడు కాల్చేది ఎండాకాలం మొదట్లో. జనవరి మంచులో ఎవరు కాలుస్తారు? కానీ ఆ రుజువు ఇచ్చింది నేనే.

ఇక వంటింటి సంగతి. ఇది మధ్యాహ్నం కొలిచాను, తేమ 50 దగ్గర ఉంది, మంచు గొడవ లేదు. పొయ్యి ముందు అమ్మ కూర్చునే చోట 900 దాటింది. ఈ సెన్సరు 500 దాకానే నమ్మకంగా చెబుతుంది, కాబట్టి దాన్ని "చాలా ఎక్కువ" అని మాత్రమే తీసుకోండి. మన దేశంలో పీఎం 2.5 రోజు సగటు 60 దాటకూడదని 2009 నుంచి ప్రమాణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 అంది. మావి ఆ నిమిషం నంబర్లు, రోజు సగటు కాదు. అయినా ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

అమ్మకి చూపిస్తే నవ్వింది. "పొగుందని నాకు తెల్దేటిరా? ఇంత డబ్బెట్టి ఆ డబ్బా చెప్పాలా?" అంది. నిజమే, నా దగ్గర జవాబు లేదు. తర్వాత డబ్బాని మూలకి తీసుకెళ్ళాను. చలికి చెల్లి అక్కడే కూర్చుని చదువుకుంటుంది. కట్టెలు బాగా అంటుకున్నాయి, కంటికి పొగ కనబడట్లేదు. 430. గుమ్మం దగ్గర 140. అమ్మ ఈసారి నవ్వలేదు. "ఇక్కడ పొగ లేదు కదరా" అని రెండుసార్లు అడిగింది. సెన్సరుని చేత్తో పట్టుకుని తనే గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ మూలకి వచ్చి చూసింది.

మర్నాడు నాన్న పొయ్యి పైన రెండు పెంకులు తీశాడు. వానొస్తే ఎలా అని గొణుగుతూనే తీశాడు. మూలలో 210కి దిగింది. గ్యాస్ ఉంది గానీ బండ కింద రోడ్డు నుంచి మోసుకురావాలి, అందుకే టీకి, చుట్టాలొస్తేనే వాడతారు. చెల్లి మంచాన్ని గుమ్మం వైపు జరిపాం. అక్కడ చలేస్తోందని వారం తిరక్కుండానే మళ్ళీ మూలకే వచ్చేసిందట, నిన్న ఫోన్లో అమ్మ చెప్పింది.

ఎవరైనా చేయాలనుకుంటే అడగండి, పిన్నుల పట్టిక పంపుతాను. తేమ సెన్సరు లేకుండా మాత్రం మంచులో కొలవకండి. ఆ 312 స్క్రీన్‌షాట్ మీ వాట్సాప్‌లో ఎక్కడైనా ఉంటే దయచేసి తీసేయండి. ఎవరికి పంపారో వాళ్ళకి ఈ పోస్టు కూడా పంపండి.