దూతకు చిరునామా కావాలి

ఉద్యోగపర్వం పాఠం చెప్పే ప్రతి ఏడూ ఒక చోట ఆగుతాను. సంధి మాటలకు బయలుదేరిన కృష్ణుడికి ద్రౌపది తన జుట్టు చూపిస్తుంది. రాజ్యం సంగతి మాట్లాడేటప్పుడు దీన్ని మరవవద్దంటుంది. ఆడదాని బాధ కూడా రాయబారంలో చేరవలసిన విషయమేనన్నమాట!

నేటి రాయబారులూ ఆ మాట మరవలేదు. మా అనంతపురం, కదిరి ప్రాంతాల్లో వాన మొహం చాటేసి శెనక్కాయ పంట ఎండితే, కొందరు ఆడవాళ్ళు కువైట్, సౌదీ యిళ్ళలో పనికి పోతారు. అక్కడ మంచివాళ్ళూ వున్నారు; కొట్టేవాళ్ళూ, జీతం ఎగ్గొట్టేవాళ్ళూ, అంతకన్నా ఘోరానికి తెగించేవాళ్ళూ వున్నారు. అందుకే మన దేశం యింటిపనివాళ్ళ కోసం 2014లో సౌదీతోను, 2021లో కువైట్‌తోను ఒప్పందాలు చేసుకున్నది. యజమాని పాస్‌పోర్టు దాచుకోరాదని, వారానికొక సెలవు యివ్వాలని కువైట్ 2015లోనే చట్టం చేసింది. తప్పించుకొని వచ్చిన ఆడవాళ్ళు తలదాచుకోవడానికి అక్కడి మన రాయబార కార్యాలయం వసతి కూడా ఏర్పాటు చేసింది.

ఇన్ని వుండీ ఏడుపులెందుకు ఆగవు? ఇల్లు ఫ్యాక్టరీ కాదు గదా! తనిఖీ అధికారి వంటింట్లోకి రాలేడు. ఆ తలుపు వెనుక ఎవరున్నారో ముందు దూతకు తెలియాలి. పదో తరగతి దాటని ఆడవాళ్ళు యింటిపనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలని మనవాళ్ళు నిబంధన పెట్టారు. ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. అలా పోయిన మనిషి ఏ లెక్కలోనూ వుండదు.

ఆ మధ్య మా పక్క వీధి అవ్వ వచ్చింది.

"అయ్యవారూ, నా బిడ్డను ఆడ కొడతాండారంట. మన ఆఫీసు వుందంట గదా, ఒక జాబు రాయి సామీ."

"ఎవరింట్లో వుందవ్వా?"

"కువైట్‌లో."

"కాగితాలేవీ?"

"అన్నీ ఏజెంటు దగ్గరే వుండాయి."

ఇల్లంతా వెదికితే ట్రంకుపెట్టె అడుగున పాస్‌పోర్టు జిరాక్సు దొరికింది. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన 'మదద్'లో ఆ నంబరు వేసి ఫిర్యాదు చేశాము. ఆర్నెల్లకు మనిషి వచ్చింది, జీతం రాలేదు. ఆ ఒక్క కాగితం లేకపోతే ఆమెను ఎక్కడని వెదికేవారు?

హనుమంతుడంతటి దూతకూ సీత లంకలో వున్నదని సంపాతి చెప్పవలసి వచ్చింది. ఆ తరువాతనే సముద్రం దాటాడు. మీ వీధిలో ఎవరైనా గల్ఫ్ ప్రయాణం కడితే, ఎందుకు పోతున్నావని నీతులు చెప్పకండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళూ, యజమాని పేరూ, చిరునామా రాసిన కాగితమూ వాళ్ళింట్లో భద్రంగా పెట్టించండి. చదువుకున్న మనకు అది పదినిమిషాల పని.