డేరా ఎక్కడ వేద్దాం?

కొండలకు పోదాం అనుకోవడం తేలిక. డేరా ఎక్కడ వేయాలి అనే దగ్గర మన ఇళ్ళలో మష్వరా మొదలవుతుంది. నీళ్ళు దగ్గరున్నాయా? వుజూకు చోటుందా? ఆడవాళ్ళకు బాత్రూం ఉందా? రాత్రి పక్కన ఎవరుంటారు? ఈ చివరి సవాల్ మీద పోయిన జూన్‌లో మా ఇంట్లో వారం రోజులు బహస్ నడిచింది.

మా చెల్లెలు ఇంగ్లాండులో, షెఫీల్డులో ఉంటుంది. నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాను. పదిహేనేళ్ళ మా భాంజీకి ఈడేల్ అనే పల్లెలో రెండు రాత్రులు ఉండి కొండలు నడవాలని తమన్నా. షెఫీల్డు నుంచి రైల్లో అరగంట పైచిలుకు. ఆ ప్రాంతం పేరు పీక్ డిస్ట్రిక్ట్. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదట ఏర్పడిన నేషనల్ పార్కు అదే. అంతా బాగుంది గానీ, పిల్ల చూపించిన క్యాంపుసైట్లలో ఏది చూసినా పబ్బు కూతవేటు దూరంలోనే ఉంది.

నాయుడుపేటలో ఉన్న అమ్మీ చెవిన వీడియో కాల్‌లో ఈ మాట పడింది. "తౌబా! షరాబ్‌ఖానా పక్కన ఆడపిల్లను పండబెడతారా?" అనింది.

అమ్మీ గుస్సాకు కారణం ఉంది. ఆమెకు కళ్ళ ముందు మెదిలింది మన ఉబ్బలమడుగు. తడ జలపాతం అని అందరూ పిలిచేది దాన్నే. ఆదివారం పిల్లల్ని తీసుకుని పోతే, మనకంటే ముందు సీసాలు వచ్చి ఉంటాయి. బండల మీద తాగుతారు, నీళ్ళలోకి విసురుతారు. గాజుపెంకులు చూసుకుంటూ పిల్లల్ని మడుగులో దించాలి. ఎన్నోసార్లు అసర్ కాకముందే దస్తర్‌ఖాన్ చుట్టేసి ఇంటిదారి పట్టాం. ఇక రోడ్డుమీది వైన్ షాపు సంగతి చెప్పేదేముంది? దాని ముందు నుంచి పోవాల్సి వస్తే మన ఆడవాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తారు. మనకు తెలిసిన షరాబ్ దుకాణం అది.

ఇంగ్లాండు పల్లెల్లో పబ్బు సంగతి వేరు. అక్కడి చట్టం ప్రకారం డార్ట్‌మూర్ అనే ప్రాంతంలో తప్ప, కొండ మీద నచ్చిన చోట డేరా వేసే హక్కు లేదు. జమీన్ ఎవరిదైతే వాళ్ళ ఇజాజత్ కావాలి. స్కాట్లాండులో 2003 చట్టం ఆ హక్కు ఇచ్చింది, ఇక్కడ లేదు. అందుకే నడిచేవాళ్ళు ఊళ్ళో రైతు పొలాల్లోనో, క్యాంపుసైట్లలోనో దిగుతారు. ఈడేల్ లాంటి చిన్న ఊళ్ళో ఒక చర్చి, ఒక బడి, రైల్వే స్టేషను, రెండు పబ్బులు. వానలో తడిసొచ్చినవాడికి వేడి సూపు, టీ దొరికేది ఆ పబ్బులోనే. పిల్లలతో, కుక్కలతో కుటుంబాలు వచ్చి తింటాయి. 1965లో మొదలైన పెనైన్ వే అనే 268 మైళ్ళ కాలిబాట ఈడేల్‌లోని ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్బు దగ్గర మొదలై, స్కాట్లాండు సరిహద్దులో బోర్డర్ హోటల్ అనే ఇంకో పబ్బు దగ్గర ముగుస్తుంది. పబ్బు ఉన్న చోటికి పోమంటే, అక్కడ చాలా కొండలకు పోమన్నట్టే.

మా బహనోయి మధ్యేమార్గం చెప్పాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేద్దాం, రాత్రి ఉండడం ఎందుకు అని. భాంజీ అప్పటిదాకా చుప్‌గా ఉంది. అప్పుడు అడిగింది: "ఖాలా, 2021లో ఏం జరిగిందో తెలుసా?"

ఈడేల్ పక్కనే మామ్ టోర్ అనే 517 మీటర్ల కొండ. 2021 క్రిస్మస్ రోజున ముస్లిం హైకర్స్ అనే గ్రూపువాళ్ళు ఆ కొండెక్కారు. కోవెంట్రీకి చెందిన హారూన్ మోటా మొదలుపెట్టిన గ్రూపది. వాళ్ళ ఫోటోలు ఇంటర్నెట్‌లో పెడితే కింద గలీజు మాటలు రాశారు. కొండలు మీవి కావన్నట్టు.

"మీకిక్కడ చోటు లేదని వాళ్ళు అంటున్నారు. మనింట్లో వాళ్ళూ అదే అంటే నేనెక్కడికి పోవాలి?" అనింది పిల్ల. బహనోయి దగ్గర జవాబ్ లేదు. నా దగ్గరా లేదు.

పోవాలనే తేల్చుకున్నాం. ఫోన్లు చేసి నాలుగు సంగతులు అడిగాం. రాత్రి ఎన్ని గంటలకు నిశ్శబ్దం పాటించాలి? తాగే కుర్రాళ్ళ గుంపుల్ని తీసుకుంటారా, కుటుంబాలనేనా? బాత్రూంకు పోయే దారిలో లైటు ఉందా? సొంత స్టవ్ వెలిగించుకోవచ్చా? నాలుగింటికీ సాఫ్‌గా జవాబు చెప్పిన చోటే తీసుకున్నాం. అది పబ్బుకు పది నిమిషాల నడక, మధ్యలో ఒక వాగు.

మేం మాత్రం పబ్బులోకి పోలేదు. షరాబ్ తిరిగే చోట కూర్చుని తినొద్దన్న మాట మనందరికీ తెలుసు. పైగా మాంసం హలాల్ కాదు. చెల్లెలు ఖీమా, రొట్టెలు ఇంటి నుంచే కట్టింది. చిన్న గ్యాస్ స్టవ్ మీద చాయ్ కాచుకున్నాం.

జూన్‌లో అక్కడ మగ్‌రిబ్ రాత్రి తొమ్మిదిన్నర దాటాకే. ఇషాకు ఒక్కో మస్జిద్‌ది ఒక్కో టైంటేబుల్, మాకు పదకొండు దాటింది. షెఫీల్డు నుంచి ఖసర్ చేసేంత దూరం కాదు కాబట్టి పూర్తి నమాజే. మన ఊళ్ళో ఖిబ్లా పడమటి వైపు, కాస్త ఉత్తరానికి. అక్కడ ఆగ్నేయానికి. కంపాస్ పెట్టి చూసుకుని గడ్డిలో జానమాజ్ పరిచాం. అదే సమయానికి పబ్బు మూసినట్టున్నారు. రోడ్డు మీద నవ్వులు కాసేపు వినబడి ఆగిపోయాయి. తర్వాత వాగు చప్పుడే.

పొద్దున మామ్ టోర్ ఎక్కాం. దుపట్టా గాలికి ఎగురుతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో భాంజీ ఫోటోలు తీసుకుంది. ఎదురొచ్చినవాళ్ళు గుడ్ మార్నింగ్ చెప్పి పోయారు.

అమ్మీ ఇప్పటికీ ఒప్పుకోలేదు. "నేను దువా చేయబట్టి ఏం కాలేదు" అంటుంది. ఉండొచ్చు.

డేరా వేసే ముందు పక్కన షరాబ్ ఉందా లేదా అని ఒక్కటే అడిగితే సరిపోదు. అది ఎవరి చేతుల్లో ఉంది, ఎన్నింటికి మూతబడుతుంది, నా బేటీ బాత్రూంకు పోయే దారిలో ఎవరుంటారు? ఇవి అడగాలి. డిసెంబరులో భాంజీ నాయుడుపేట వస్తోంది. ఉబ్బలమడుగు చూపించమంటోంది. అవే నాలుగు సంగతులు అడుగుదామని ఉంది. ఎవరిని అడగాలో తెలియడం లేదు.