కరవు నేల మీద వార్తల బరువు

గుత్తి కోట మీద నిలబడి దక్షిణంగా చూస్తే ఎర్రనేల చాలా దూరం కనబడుతుంది. నల్లని గుండ్ల గుట్టలు, వాటి మధ్య దున్ని సిద్ధంగా ఉంచిన చేలు, అక్కడక్కడ వేపచెట్లు, ఇసుక తప్ప ఏమీ లేని వంకలు. మేము వెళ్ళినది జూన్ నెలాఖరు. దుక్కి అయింది, విత్తనం ఇంటికి చేరింది, వాన మాత్రం రాలేదు. ఇద్దరు సంఘ పెద్దలు, ఒక ఉపాధ్యాయురాలు, ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సమ్మ, ఈ నలుగురం కలిసి అనంతపురం సీమలోని కొన్ని పల్లె సంఘాలను చూచి రావాలని బయలుదేరాము.

ఈ కోటకు ఒక కథ ఉంది. హైదరాలీ సైన్యం దీనిని ముట్టడించినప్పుడు మరాఠా సర్దారు మురారి రావు గట్టిగానే నిలిచాడు. చివరకు కొండ మీద తాగునీరు అడుగంటినందున 1776లో లొంగిపోవలసి వచ్చింది. మెట్లు దిగుతూ మాలో ఒకరు అన్నారు, ఈ సీమలో నీటి కబురు, రాజ్యం కబురు ఎప్పుడూ వేరు వేరుగా లేవేమోనని. ఆ మాట ఎంత నిజమో ముందుకు పోయేకొలది మాకు తెలిసివచ్చింది.

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో వాన తక్కువగా పడే జిల్లాలలో ఇది ఒకటి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్య మేఘాలు తీరం నుండి ఇంత లోపలికి చేరేసరికి పలచబడిపోతాయి. ఇటువంటి నేల మీద ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసేవారు. వాన తప్పితే చేను ఎండుతుంది. అప్పుడు రైతు చూపు ఆకాశం మీద నుండి రాజధాని మీదికి మళ్ళుతుంది. పంట బీమా సొమ్ము ఎప్పుడు పడుతుంది? సబ్సిడీ విత్తనం ఎన్ని బస్తాలు ఇస్తారు? తుంగభద్ర ఎగువ కాలువకు నీళ్లు ఎన్నాళ్లు? హంద్రీ-నీవా మన చెరువు దాకా వస్తుందా, రాదా? వీటన్నిటికీ జవాబు ప్రభుత్వం దగ్గరే ఉంది. కాబట్టి "రాజకీయాలు మనకెందుకు, టీవీ కట్టేయండి" అని పట్నం నుండి వచ్చినవారు తేలికగా ఇచ్చే సలహా ఇక్కడ చెల్లదు. ఈ నేల మీద రాజ్యం కబురు కూడా వాన కబురు వంటిదే.

పామిడి దగ్గర పెన్న వంతెన దాటాము. కింద నది లేదు, నది పడుకున్న చోటు ఉంది. ఊరిలో ఒక హోటలు ముందు బెంచీల మీద కూర్చొని ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాము. ఉగ్గాని చాలా బాగుంది, ఆ మాట రాయకపోతే అన్యాయం. గోడకు టీవీ వేలాడుతోంది. తెర మీద నాలుగు గళ్ళలో నలుగురు ఒక్కసారే అరుస్తున్నారు. కింద ఎర్రని పట్టీ మీద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. బెంచీల మీద పదిమంది ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

ఆ సాయంత్రం ఒక పల్లెలో ప్రార్థన కూడిక ముగిసిన తరువాత ఒక సహోదరి మా నర్సమ్మను పక్కకు పిలిచింది.

"ఆయప్ప రాత్రి పండుకోడమ్మా. రెండు గంటలప్పుడు లేసి చూసినా సెల్లు ఎలుగుతానే ఉంటాది. పొద్దున గుండె దడ అంటాడు, గ్యాసు అంటాడు. సేనికాడికి పోబుద్ధి కాలేదంటాడు. ఓట్లయినప్పట్నుంచీ ఇదే కత."

భర్తను పిలిపించారు. యాభై ఏళ్ళ మనిషి, మొగమాటస్థుడు. "ఏం సేయాలమ్మా? ఈ పార్టీవాళ్ళుంటే ఆ కాలవ ఆగిపోతాదంటారు. ఆ పార్టీవాళ్ళొస్తే ఈ పింఛను పోతాదంటారు. ఇంటాంటే కడుపులో దేవినట్లయితాది. ఇనకుంటే ఇంకా భయం."

నర్సమ్మ కాసేపు ఊరుకొని అడిగింది: "నిన్న రాత్రి చూసినవాటిలో నీ చేనికి, నీ ఇంటికి తగిలే కబురు ఎన్ని ఉన్నాయి నాయనా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఒక్కటీ లేదమ్మా" అన్నాడు.

మరునాడు అనంతపురం పట్నంలో గడియార స్తంభం దగ్గర దిగాము. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దానికి గుర్తుగా కట్టిన స్తంభం అది. దాని నీడలో నిలబడి మేము గత ఇరవై ఏళ్ళ సంగతులు జ్ఞాపకం చేసుకున్నాము. ఈ ఊరివారికి వార్త అంటే భయం ఊరికే పుట్టలేదు. 2005 జనవరి 24న మాజీ మంత్రి పరిటాల రవీంద్రను ఈ పట్నంలోనే పార్టీ కార్యాలయం దగ్గర కాల్చి చంపారు. ఆ వెంటనే రాష్ట్రంలో అనేక చోట్ల బస్సులు తగలబడ్డాయి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టరు నల్లమల మీద జాడ లేకుండా పోయింది. మరునాడు ఉదయం శిథిలాలు కనబడేంతవరకు ఇళ్ళలో టీవీలు ఆరలేదు. ఆ తరువాతి రోజులలో, ఆ వార్త విని గుండె ఆగి కొందరు, ప్రాణం తీసుకొని కొందరు చనిపోయారని పత్రికలు వందల లెక్కన రాశాయి. ఆ కుటుంబాలను పరామర్శించడానికి ఆయన కుమారుడు ఓదార్పు యాత్ర పేరుతో ఏళ్ళ తరబడి తిరగవలసి వచ్చిందంటే, ఒక వార్త మనిషి దేహం మీద ఎంత పని చేయగలదో ఊహించండి.

2013 జూలై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడింది. ఆ రోజు నుండి అనంతపురం వీధులు వారాల తరబడి మామూలు స్థితికి రాలేదు. ఆగస్టు నుండి అక్టోబరు దాకా బస్సులు లేవు, కచేరీలు తెరవలేదు, బడులు సరిగా జరగలేదు. 2024లోనూ మే 13న పోలింగు, మరునాడు తాడిపత్రిలో రెండు వర్గాల మధ్య రాళ్ళ దాడులు. ఫలితాలు జూన్ 4న. ఆ మూడు వారాలు తాడిపత్రిలో పెళ్ళి మాటలు కూడా వాయిదా వేసుకున్నారని ఒక తల్లి మాతో చెప్పింది.

ప్రియ పాఠకులారా, ఒక సంగతి గమనించండి. వెనుకటి రోజులలో ఈ పల్లెలకు వార్త ఆకాశవాణి మీద వచ్చేది. ప్రాంతీయ వార్తలు పది నిమిషాలు. చదివే ఆమె నమస్కారం చెప్పి ముగించేది. పేపరు అయితే ఆఖరి పేజీ ఉండేది. మడిచి ట్రంకు పెట్టె అడుగున వేసుకునేవారు. ఇప్పుడు టీవీలో వార్తకు ముగింపు లేదు, సెల్లులో అసలే లేదు. ఒక బస్సు ఒక్కసారే తగలబడింది. తెర మీద మాత్రం అది రోజుకు నూరుసార్లు తగలబడుతుంది. మన దేహానికి ఆ తేడా తెలియదు. చూసిన ప్రతిసారీ గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నిద్ర దూరమవుతుంది.

ఇది మన సీమ సంగతే కాదు. 2013 ఏప్రిల్ 15న అమెరికాలోని బోస్టన్ పట్నంలో పరుగు పందెం దగ్గర బాంబులు పేలాయి. తరువాత కొందరు పరిశోధకులు అక్కడివారిని విచారించి 2014లో ప్రకటించిన సంగతి ఆశ్చర్యమైనది. పేలుడు వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవారిలో కనబడిన ఆందోళన, పేలుడు జరిగిన చోట స్వయంగా ఉన్నవారి ఆందోళన కంటే ఎక్కువగా ఉన్నదట.

పట్నం నుండి కళ్యాణదుర్గం వైపు వెళ్ళాము. ఈ దారిలోనే మాకు మనసు కుదుటపడింది. ఒక చిన్న సంఘంలో స్త్రీలు తమకు తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరూ వచ్చి నేర్పినది కాదు. రాత్రి సంగటి తినేటప్పుడు టీవీ ఆపుతారు, సెల్లులు గూటిలో పెడతారు. ఉదయం ఒక్కసారి వార్తలు వింటారు. వాట్సాపులో వచ్చిన భయంకరమైన కబురు ఏదైనా ఉంటే, అది పంచాయతీ సచివాలయంలోనో, పేపరు తెప్పించే మాష్టరు ఇంట్లోనో విచారించేంతవరకు ఇంకొకరికి పంపకూడదని మాట అనుకున్నారు. పింఛను ఆగిపోతుందన్న పుకారు వచ్చినప్పుడు ఇద్దరు వెళ్ళి సచివాలయంలో జాబితా చూసి వచ్చారు. పేర్లు ఉన్నాయి. ఆ రాత్రి ఊరు నిద్రపోయింది.

ఇందులో మాకు నచ్చినది, వారు వార్తలను అసహ్యించుకోలేదు. మన చేతిలో ఏదో ఒక పని పెట్టే వార్తను పట్టుకున్నారు: బీమాకు ఆఖరు తేదీ, విత్తన పంపిణీ రోజు, గ్రామసభ. మన చేత ఏ పనీ చేయించక ఊరికే కడుపు మండించే వార్తను పోనిచ్చారు. ఎవరో ఒక నాయకుని మాటకు ఇంకొక నాయకుడు ఇచ్చిన జవాబు వినకపోతే ఏ చేనూ ఎండదు గదా!

అక్కడి కాపరి ఏలీయా సంగతి జ్ఞాపకం చేశారు. అదీ కరవు కాలమే. కర్మెలు మీద అంత ధైర్యంగా నిలిచిన ప్రవక్త, రాణి పంపిన ఒక్క కబురుతో అడవికి పారిపోయి, బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దూత వచ్చి అతనిని గద్దించలేదు, విశ్వాసం తక్కువైందని అనలేదు. రెండుసార్లు రొట్టె తినిపించి, నీళ్ళు తాగించి, నిద్రపోనిచ్చాడు. "మన ఇళ్ళలో దిగులు పడినవారికి మనం ముందు ప్రసంగం పెడతాము, తరువాత సంగటి పెడతాము" అని కాపరి నవ్వుతూ అంటే అందరూ నవ్వారు గాని, ఒకరిద్దరు తల దించుకున్నారు.

అయితే నర్సమ్మ అక్కడితో ఊరుకోలేదు. కూడికలో లేచి స్పష్టంగా చెప్పింది. దిగులు రెండు వారాలకు మించి రోజంతా ఉంటే, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే, నిద్ర, ఆకలి తప్పితే, "నేను ఎందుకూ పనికిరాను" అనే మాట పదే పదే వస్తే, అది వార్తల వలన మొదలైనదైనా ఇప్పుడు జబ్బే. టీవీ కట్టేసినంత మాత్రాన పోదు. మాటలతోను, మందులతోను నయం చేయగల జబ్బు. మన పల్లెల్లో చాలామంది మనసు బాగాలేదని చెప్పరు, గుండె దడ, తల భారం, గ్యాసు అని చెబుతారు. డాక్టరు దగ్గర నిద్ర సంగతి కూడా దాచకుండా చెప్పాలి. చావు మాట ఎవరి నోటనైనా వస్తే దానిని ఎగతాళిగా తీసుకోకూడదు, వారిని ఒంటరిగా విడువకూడదు. పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లో ఉండకుండా తీసివేయాలి.

అక్కడి నుండి రాయదుర్గం. ఊరంతా కుట్టు మిషన్ల చప్పుడు. అరుగు మీద కూర్చొన్న ఒక వృద్ధుడు తెలుగు, కన్నడం కలిపి మాట్లాడుతూ తన చరిత్ర చెప్పాడు. పుట్టినప్పుడు ఈ తాలూకా మద్రాసు రాజధానిలో బళ్ళారి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రంతో పాటు అనంతపురం జిల్లాకు వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్. 2014లో అదీ రెండైంది. 2022లో జిల్లా కూడా రెండైంది. "నేను ఈ అరుగు ఇడిసి యాడికీ పోలేదు సామీ. రాష్ట్రాలే పోతా వస్తా ఉండాయి" అన్నాడు. 1953లో బళ్ళారి కొరకు జనం ఎలా కొట్టుకున్నారో, నాన్న ఎన్ని రాత్రులు అన్నం ముట్టలేదో కూడా చెప్పాడు. ఆయన నవ్వుతున్నాడు గాని ఆ జ్ఞాపకం తేలికైనది కాదు.

ఆ బళ్ళారికే మేము తరువాత వెళ్ళాము. ఈ సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియదు. 1980లలో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు పల్లెలలో మానసిక వైద్యం ఎలా అందించాలో పరీక్షించినది బళ్ళారి జిల్లాలోనే. పెద్ద ఆసుపత్రి కట్టలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి మందులతో అక్కడికక్కడే చికిత్స చేయవచ్చని చూపించారు. దానిని ఆదర్శంగా తీసుకొనే 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. మన కరవు సీమ పొలిమేరలో పుట్టిన ఏర్పాటు దేశమంతా పాకింది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఫోను సేవ కూడా వచ్చింది. 14416 నంబరుకు చేస్తే డబ్బు లేకుండా, తెలుగులోనే, రాత్రయినా పగలైనా మాట్లాడతారు.

తిరుగు దారిలో పామిడి దగ్గరి ఆ పల్లెకు ఫోను చేసి, ఆ సహోదరికి ఈ నంబరు చెప్పాము. క్యాలెండరు మీద రాసుకుంటానన్నది. భర్త ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడట, బుధవారం పోతారట. సెల్లు మాత్రం ఇంకా పక్కలోనే పెట్టుకుంటున్నాడని చెప్పింది. వాన పడిందా అని అడిగితే, నాలుగు చినుకులు రాలినాయి, విత్తనానికి చాలదు అన్నది.