లైటు చూసి పార్టు మార్చడం పనితనం కాదు

"సెన్సర్ మార్పిచ్చి నెల గూడ గాలే అన్నా. మల్ల గదే లైటు. పెట్రోలేమో పోసుడే పోసుడు!"

సరూర్‌నగర్ చెరువు దగ్గరి గల్లీలో ఓ మెకానిక్ షెడ్డు ముందు క్యాబ్ డ్రైవర్ ఒకతను మొత్తుకుంటున్నాడు. బండ్ల పొగ మీద రాయమని సంపాదకులు పంపితే వెళ్లాను. ఆ మొర విన్నాక ఇంకెటూ కదలబుద్ధి కాలేదు. వేరే చోట ఆక్సిజన్ సెన్సర్ మార్చి వేలల్లో బిల్లు వేశారట. చెక్ ఇంజిన్ లైటు మాత్రం మళ్లీ వెలిగింది. మైలేజీ కోలుకోలేదు.

షెడ్డులో అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దమనిషి స్కానర్ జోలికి వెంటనే పోలేదు. స్పార్క్ ప్లగ్గు విప్పి మొనను గోటితో గీశాడు. నల్లటి పొడి మసి రాలింది. సైలెన్సర్ దగ్గర వంగి వాసన చూశాడు. పెట్రోలు ఎక్కువ పడుతోందని ఆయనకు అక్కడే తెలిసిపోయింది. ఎందుకు పడుతోందన్నదే తేలాలి.

ఇంజిన్‌లో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్క కుదిరిందో లేదో పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి కంప్యూటర్‌కు చెప్పేదే ఈ సెన్సర్. 1976లో వోల్వో కార్లలో మొదలైంది. ఈ బండిలో ఉన్న రకమైతే వేడెక్కాక 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుండాలి. పాతబడితే ఆ ఊపు మందగిస్తుంది, లేదా ఒకే అంకె దగ్గర ఆగిపోతుంది. మైలేజీ పడిపోవడం, ఐడ్లింగ్‌లో వణుకు, నల్లపొగ, కుళ్లిన గుడ్ల వాసన దాని లక్షణాలే. కానీ ఇవన్నీ వేరే జబ్బులకూ ఉంటాయి.

స్కానర్ తగిలిస్తే రీడింగు అట్టడుగున ఉంది. కొత్తదీ పోయిందనుకుని డ్రైవర్ తల పట్టుకున్నాడు. ఉస్తాద్ గాలి గొట్టంలోకి పెట్రోలులా మండే కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టాడు. అంకె చటుక్కున 0.8కి ఎగిరింది.

"సెన్సర్ మంచిగనే ఉంది తమ్మీ. దానికి అందే గాలే తప్పు."

ఇంజిన్ చల్లారాక మళ్లీ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ మూతికి గుడ్డ అడ్డం పెట్టించి, పొగ బయటికి పోయే మానిఫోల్డ్ అతుకు మీద సబ్బునీళ్లు చల్లాడు. బుడగలు లేచాయి. గుడ్డ అడ్డం పెడితే పొగ తన్నుకొచ్చే ఆ సందులోంచే, మామూలప్పుడు బయటి గాలి లోపలికి పోతోంది. సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందంటోంది. కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తోంది. గాస్కెట్ మారిస్తే సరిపోయే పనికి సెన్సర్ మార్చారు!

నాకు కోపం వచ్చింది. స్కానర్ చూపే కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏం మార్చాలో చెప్పదు. ఈ తేడా తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మీద ఇప్పుడు స్కూటర్లూ సెన్సర్లతోనే తిరుగుతున్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఇది మామూలైపోయింది. యంత్రాలు ఇంత మారినా, గల్లీ మెకానిక్కు ఆ విద్య నేర్పే బాధ్యత మనం తలకెత్తుకోలేదు. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి సర్టిఫికెట్ లేదు. ఆ సబ్బునీళ్ల పరీక్ష మాత్రం వాడికి కంఠతా వచ్చు.

ఇలాంటి ఉస్తాద్‌లను ఐటీఐలకు పిలిచి పాఠం చెప్పించాలి, చెప్పినందుకు జీతమివ్వాలి. బండి యజమానులమూ ఒక పట్టు పట్టాలి. సెన్సర్ పోయిందని ఎవరన్నా అంటే, రీడింగు ఊగుతోందో లేదో, లీకేజీ చూశారో లేదో ఎదురుగా చూపించమని అడగాలి. చూపించాకే పార్టు మార్చనివ్వాలి. వెతికి పట్టినందుకు అడిగే మజూరీని మాత్రం బేరమాడకుండా ఇవ్వాలి. పార్టుకు వేలు పోసి పనితనానికి వంద తగ్గించమంటే, వెతికేవాడు రేపు వెతకడం మానేస్తాడు.